కూతకు వెళ్ళేముందు

మొన్న సంక్రాంతి వెళ్ళిన మర్నాడు సూర్యాపేటనుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "ఒక్కపారి వచ్చిపో అన్నా. మూడు దినాలసంది మా ఇంట్ల ఎవరికీ ముద్ద దిగుతలేదు" అన్నది. నేను మిర్యాలగూడలో ఉంటాను. ఉద్యోగం విరమించి ఇంట్లో కూర్చున్నవాడికి ఇటువంటి పిలుపు వస్తే రెండే అనుమానాలు కలుగుతవి: ఎవరికైనా జబ్బు చేసిందేమో, లేక ఏదైనా పెళ్ళిసంబంధం తప్పిపోయిందేమో! చేతిసంచీ పుచ్చుకుని మొదటి బస్సు ఎక్కాను. తీరా పోయి చూద్దును గదా, రెండూ కాదు. మేనల్లుడు కాలేజీ మానేస్తానంటున్నాడు!

వాడికి పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం, కామర్సు. చదువులో మరీ మొదటివాడూ కాదు, మరీ చివరివాడూ కాదు. మన ఇళ్ళలో చాలామంది పిల్లలవలెనే నడిమి బల్లమీద కూర్చునే రకం. కాని సాయంత్రం అయిదు దాటి కబడ్డీ బరిలోకి దిగాడంటే వాడు వేరే మనిషి. కూతకు వెళ్ళాడంటే వాడి పాదం నేలమీద ఉన్నదో గాలిలో ఉన్నదో అవతలి ఏడుగురికీ అంతుపట్టదు. పండుగ పోటీలలో వాడి ఆట చూసిన ఇద్దరు పెద్దమనుషులు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారట. ఫలానా నగరంలో తమకు శిక్షణ శిబిరం ఉన్నదనీ, పిల్లవాడు ఒక ఏడాది తమ దగ్గర ఉంటే వాడి పేరు పెద్ద లీగు వేలానికి పంపిస్తామనీ, అయితే కాలేజీ, కబడ్డీ రెండూ ఒక ఒరలో ఇమడవు గనుక పదిహేను రోజుల్లో ఏదో ఒకటి తేల్చి చెప్పమనీ అని వెళ్ళారట.

అంతే, ఇల్లు రెండు పార్టీలయింది. మా బావ ఒక పార్టీ. కొడుకు ఒక పార్టీ. మా చెల్లెలు మాత్రం ఏ పార్టీలోనూ చేరకుండా ఇద్దరికీ అన్నం వడ్డించి తాను తినడం మానుకున్నది.

మా బావకు బట్టలకొట్టు. ధర చెప్పడం, బేరమాడటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అయినా ఆయన మొగం మాడ్చుకుని, "వడ్లు వేలం వేస్తరు, మిరపకాయలు వేలం వేస్తరు. పోరగాండ్లను వేలం వేసుడేంది బావా?" అన్నాడు.

"నువ్వు గూడ ఆడినోనివే గద మామా. నువ్వన్న నాయినకు సమజయ్యేటట్టు చెప్పు" అన్నాడు మేనల్లుడు.

ఇద్దరి మాటలూ నాకు తగలవలసిన చోటనే తగిలినవి. ఎందుకంటే నేను ఒకప్పుడు కబడ్డీ ఆడాను. ఆ తరవాత ముప్ఫయి ఏళ్ళు మార్కెట్‌ యార్డులో గుమాస్తాగా వడ్ల వేలం లెక్కలు రాశాను. ఈ రెండూ తెలిసినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే కాకపోవచ్చు గాని, ఆ ఇంట్లో మాత్రం నేనొక్కణ్ణే. "నాలుగు రోజులు వ్యవధి ఇవ్వండి. తెలుసుకుని చెబుతాను" అన్నాను. ఆ నాలుగు రోజుల్లో తెలుసుకున్నదీ, నాకు ముందే తెలిసినదీ ఇక్కడ రాస్తున్నాను. ఈ తగాదా మా చెల్లెలి ఇంట్లోనే కాదు, ఆడే పిల్లవాడున్న ప్రతి ఇంట్లోనూ నేడో రేపో రాక తప్పదు.

వేలం సంగతి

ముందు మా బావ ప్రశ్నకు జవాబు చెప్పాలి. పిల్లలను వేలం వేయడమేమిటని ఆయన కోపం. నిజానికి అమ్ముడుపోయేది మనిషి కాదు, ఆ మనిషి కొన్నాళ్ళపాటు ఫలానా జట్టుకు ఆడతానని ఇచ్చే మాట. ప్రో కబడ్డీ లీగు 2014లో మొదలయింది. అంతకుముందు కబడ్డీ ఆడేవాడికి గొప్పగా దక్కేదేమిటంటే రైల్వేలోనో, పోలీసులోనో, బ్యాంకులోనో ఒక ఉద్యోగం. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీ పతకాల ఆటగా చేరి, మనవాళ్ళు స్వర్ణం తెచ్చినా ఆటగాళ్ళ ఇళ్ళలో పెద్ద మార్పేమీ రాలేదు.

2014 వేలంలో అందరికన్న ఎక్కువ ధర పలికినవాడు రాకేష్‌ కుమార్‌. పాట్నా జట్టు 12 లక్షల 80 వేలు పెట్టింది. 2018లో మోనూ గోయత్‌కు హర్యానా జట్టు కోటీ 51 లక్షలు ఇచ్చింది. 2023లో మన తెలుగు టైటాన్స్‌వారు పవన్‌ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చుకున్నారు. తొమ్మిదేళ్ళలో గరిష్ఠ ధర ఇరవై రెట్లు! పల్లెటూరి చెడుగుడుకు ఇంత విలువ వస్తుందని మా కాలంలో ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం.

మా మేనల్లుడికి ఈ పిచ్చి పట్టిన రోజు నాకు బాగా జ్ఞాపకం. 2021 మార్చి 22. ఆనాడు సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్‌ కబడ్డీ పోటీలు ప్రారంభమవుతున్నవి. ఊరు ఊరంతా అక్కడే. వాడికి అప్పుడు తొమ్మిదో తరగతి. నన్ను చెయ్యిపట్టి లాక్కుపోయాడు. ఆట మొదలుకాకముందే జనం కూర్చున్న ఒక గ్యాలరీ కూలి వందమందికి పైగా దెబ్బలు తిన్నారు. మేము రెండోవైపున ఉన్నాము గనుక బతికిపోయాము. ఆ రాత్రి ఇంటికి తిరిగివస్తూ వాడు అన్న మాట ఇది: "ఇంతమంది కబడ్డీ చూడనీకి వస్తరా మామా?" కూలిన గ్యాలరీ వాడికి కనిపించలేదు. నిండిన గ్యాలరీలే కనిపించినవి. పిల్లల కళ్ళు అలాంటివి. మనం తప్పుపట్టి లాభం లేదు.

అయితే గుమాస్తా కళ్ళు వేరు. నేను కాగితం తీసుకుని లెక్కవేశాను. లీగులో జట్లు 12. ఒక్కొక్క జట్టులో ఎంత నింపినా 25 మంది. అంటే దేశం మొత్తంమీద 300 స్థానాలు. అందులోనే విదేశీయులు, పాత కాపులు, గాయాలనుంచి తిరిగివచ్చినవారు. హర్యానాలో, మహారాష్ట్రలో, తమిళనాడులో మావాడివంటి పిల్లలు ఊరికి ఒకడు చొప్పున ఉంటారు. ఇక ఆట ఎన్నాళ్ళు? 2025 పోటీలు ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదలై అక్టోబరు 31న ఢిల్లీలో ముగిసినవి. రెండు నెలల పైచిలుకు. మిగతా పది నెలలూ ఆటగాడు సాధన చేసుకుంటాడు, నిజమే. కాని పది నెలల్లో ఒక మనిషి రెండు సెమిస్టర్ల పరీక్షలు రాయలేడా? ఈ ప్రశ్న నా మనసులో అప్పుడే పడ్డది.

అమెరికా పిల్లల ముచ్చట

మేనల్లుడు ఊరికే ఉంటాడా? సెల్‌ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. "అమెరికాల బాస్కెట్‌బాల్‌ ఆడే పోరగాండ్లు కాలేజీ మధ్యలనే వదిలిపెట్టి పోతరు మామా. లెబ్రాన్‌ జేమ్స్‌ అయితే కాలేజీ మెట్టే ఎక్కలే" అన్నాడు. నాకు బాస్కెట్‌బాల్‌ అంటే పొడుగాటివాళ్ళు బుట్టలో బంతి వేస్తారన్నంతవరకే తెలుసు. కాని మేనల్లుడు సాక్షిని తెచ్చినప్పుడు మామ విచారించాలి గదా! రెండు రాత్రులు కూర్చుని చదివాను.

అక్కడ వేలం లేదు, డ్రాఫ్టు అని ఒక పద్ధతి ఉన్నది. ముప్ఫయి జట్లు వరసగా, రెండు విడతలలో, కొత్త కుర్రవాళ్ళను ఎంచుకుంటవి. ఏ జట్టుకు పోవాలో కుర్రవాడి ఇష్టం కాదు. జట్టే వాణ్ణి ఎంచుకుంటుంది. మొదటి విడతలో పేరు వస్తే రెండేళ్ళ జీతానికి పూచీ ఉంటుంది. రెండో విడతలో వస్తే ఆ పూచీ లేదు. అసలు పేరే రాకపోతే వచ్చిన దారినే తిరిగి పోవాలి.

ఒకప్పుడు అక్కడ కూడా హైస్కూలు పూర్తయిన నాలుగేళ్ళదాకా వృత్తి ఆటకు రాకూడదని కట్టడి ఉండేది. స్పెన్సర్‌ హేవుడ్‌ అనే ఆటగాడు, తన చేతిలో విద్య ఉన్నది, ఇంట్లో పేదరికం ఉన్నది, నన్ను ఆపడానికి మీరెవరని కోర్టుకు ఎక్కాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. తలుపు తెరుచుకున్నది. 1995లో కెవిన్‌ గార్నెట్‌, 1996లో కోబీ బ్రయంట్‌, 2003లో లెబ్రాన్‌ జేమ్స్‌ హైస్కూలునుంచి నేరుగా వచ్చి మహారాజులయినారు. మావాడు చెప్పింది అబద్ధం కాదు.

అయితే మావాడు చెప్పనిది ఇంకొకటి ఉన్నది. 2001లో క్వామీ బ్రౌన్‌ అనే కుర్రవాణ్ణి హైస్కూలునుంచే మొట్టమొదటి ఎంపికగా తీసుకున్నారు. దేశం మొత్తం అతనివంక చూసింది. అతను మామూలు ఆటగాడుగా మిగిలిపోయాడు. మర్నాటి ఏడు, 2002లో, లెన్నీ కుక్‌ అనే మరొకడు కాలేజీ వద్దని పేరు ఇచ్చుకున్నాడు. రెండు విడతలూ ముగిసినవి, అతని పేరు ఎవరూ పిలవలేదు. ఆ లీగులో ఒక్క ఆట కూడా ఆడకుండానే అతని కథ ముగిసింది. ఇటువంటివి చూసి చూసి 2005లో నిబంధన మార్చారు. 2006నుంచి పంతొమ్మిదేళ్ళు నిండాలి, హైస్కూలు వదిలి ఒక ఏడాది కావాలి.

మన దేశపు పిల్లవాడి ముచ్చట కూడా ఉన్నది. పంజాబులో బల్లో కే అనే గ్రామం. అక్కడి రైతుబిడ్డ సత్నాం సింగ్‌, ఏడడుగులు దాటిన మనిషి. పద్నాలుగేళ్ళ వయసులోనే అమెరికా శిక్షణాలయానికి వెళ్ళాడు. కాలేజీలో చేరకుండానే 2015లో డాలస్‌ జట్టు అతన్ని 52వ ఎంపికగా పిలిచింది. ఆ డ్రాఫ్టులో పిలుపు అందుకున్న మొదటి భారతీయుడు అతనే. దేశమంతా పొంగిపోయింది. కాని 52వ స్థానమంటే రెండో విడత. పూచీ లేని విడత. రెండేళ్ళు కింది లీగులో ఆడాడు గాని అసలు లీగులో ఒక్క ఆటకూ దిగలేదు. తరవాత కుస్తీ ప్రదర్శనలవైపు మళ్ళాడు. అతని పట్టుదలకు నమస్కారం చేయాలి. కాని పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చే రోజుకూ, బతుకు గడిచే రోజులకూ ఎంత దూరమో అతని కథ చూస్తే తెలుస్తుంది.

మా చెల్లెలికి మాత్రం ఈ కథలన్నిటిలోకి ఒక్కటే నచ్చింది. టిమ్‌ డంకన్‌ అనే ఆటగాడి తల్లి అతనికి పద్నాలుగేళ్ళు నిండకముందే క్యాన్సరుతో పోయింది. డిగ్రీ పూర్తిచేస్తానని ఆమెకు ఇచ్చిన మాటకోసం, ఏటేటా పెద్ద డబ్బు ఊరిస్తున్నా అతను కాలేజీలో నాలుగేళ్ళూ ఉన్నాడు. 1997లో పట్టాతో బయటికి వచ్చి మొట్టమొదటి ఎంపిక అయినాడు; తన జట్టుకు అయిదుసార్లు కిరీటం తెచ్చాడు. ఈ కథ చెబుతూంటే మా చెల్లెలు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "చూసినవా బిడ్డా" అన్నది.

"నువ్వు మంచిగనే ఉన్నవు గదనే అమ్మా!" అన్నాడు వాడు. ఇంట్లో మూడు రోజుల తరవాత అందరూ నవ్వారు.

అమెరికా పద్ధతిలో నాకు నచ్చిన సంగతి వేరే ఉన్నది. అక్కడి కాలేజీ కుర్రవాడు డ్రాఫ్టుకు పేరు ఇచ్చి, జట్ల ముందు ఆడి చూపించి, తనకు ఎంత విలువ పలుకుతుందో తెలుసుకుని, గడువులోగా పేరు వెనక్కి తీసుకుని మళ్ళీ కాలేజీకి పోవచ్చు. 2021నుంచి కాలేజీలో ఉంటూనే తన పేరుమీద వ్యాపార ప్రకటనల డబ్బు తీసుకునే వీలు కూడా వచ్చింది. 2025లో కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇచ్చే ఏర్పాటు జరిగింది. అందువల్ల వెళ్ళదలచినవాళ్ళు కూడా ఇప్పుడు నిదానిస్తున్నారు. అంటే వాళ్ళ పెద్దలు చేసిన పని తలుపు మూయడమూ కాదు, పిల్లవాణ్ణి బయటికి నెట్టడమూ కాదు. తలుపు రెండువైపులా తెరుచుకునేట్టు చేయడం. మన దగ్గరికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు అడుగుతున్నది దీనికి సరిగ్గా ఎదురు.

నా మోకాలు

ఇక నా కథ చెప్పక తప్పదు. మా చెల్లెలికి కూడా ఇది సగమే తెలుసు; అప్పటికి అది చిన్నపిల్ల.

1979లో నేనూ డిగ్రీ రెండో సంవత్సరమే. నేనూ పంతొమ్మిదేళ్ళవాణ్ణే. ఒక కంపెనీవారు తమ కబడ్డీ జట్టుకు ఆడమన్నారు. ఏడాది ఆడితే ఉద్యోగం ఖాయమన్నారు. మాట మాత్రమే, కాగితం లేదు. మా నాయిన వద్దంటే నాలుగు రోజులు అన్నం మానేశాను. చివరికి ఆయన, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో తండ్రులకే తెలుసు. కాలేజీలో టీసీ తీసుకుని వెళ్ళిపోయాను. ఏడు నెలలు ఆడాను. ఎనిమిదో నెలలో ఒక పోటీలో నలుగురు నామీద పడ్డారు. కుడి మోకాలు లోపల గుడ్డ చిరిగినట్టు చప్పుడయింది. వారం రోజులు పలకరించారు. నెల తిరిగేసరికి నా మంచం వేరొకడికి ఇచ్చారు. నేను ఎవరిమీదా నేరం మోపను. కాగితం అడగని తప్పు నాది.

కుంటుకుంటూ ఇంటికి వస్తే మా నాయిన ఒక్క మాట అనలేదు. అదే నాకు పెద్ద శిక్ష. రెండేళ్ళు ఒక దుకాణంలో పొట్లాలు కట్టాను. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడు దానికే డాక్టర్‌ బి.ఆర్‌. అంబేద్కర్‌ పేరు ఉన్నది. అందులో చేరి రాత్రిళ్ళు చదివి పట్టా పుచ్చుకున్నాను. ఆ పట్టా చూసే నాకు గుమాస్తా పని దొరికింది. మోకాలు ఈనాటికీ వాన రాబోతున్నదంటే ముందే చెబుతుంది.

ఇక్కడ ఆపితే మా బావ గెలిచాడనుకుంటారు. ఆగండి. నాతోపాటు ఆడినవాడు ఇంకొకడు ఉండేవాడు. నాకన్న రెండింతలు ఆటగాడు. వాడికీ పిలుపు వచ్చింది. వాళ్ళ తండ్రి ససేమిరా అని ఎరువుల కొట్లో కూర్చోబెట్టాడు. కొట్టు బాగానే నడిచింది, పిల్లలు స్థిరపడ్డారు. కాని ఎక్కడ కబడ్డీ జరిగినా వాడు కంచె పట్టుకుని నిలబడి ఉంటాడు. కుర్చీ వేసినా కూర్చోడు. "నేను పోయి ఓడిపోయి వచ్చినా బాగుండేదిరా" అంటాడు నాతో. వాడి కాళ్ళు రెండూ బాగానే ఉన్నవి. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ నష్టపోయారో నేను ఈనాటికీ చెప్పలేను.

పచ్చి వడ్లు, ఎండిన వడ్లు

యార్డులో నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. కోత కాగానే అప్పుతీర్చే తొందరలో పచ్చి వడ్లు తెచ్చి కుప్ప పోసే రైతులు ఉంటారు. తేమ 17 శాతం దాటితే మద్దతు ధర రాదు; వ్యాపారి అడిగిన ధరకు ఇచ్చి పోవాలి. నాలుగు రోజులు ఎండబోసినవాడు నిలబడి ధర అడుగుతాడు. అలాగని ఇంకా పెరుగుతుందని కుప్పమీద కూర్చుంటే ఒక్క వానకు మొలకలు వస్తవి. అమ్మడానికి ఒక వేళ ఉన్నది. ముందూ కాదు, వెనకా కాదు. ఆటగాడి వయసు కూడా అంతే. కూతకు వెళ్ళేవాడి కాళ్ళలో మెరుపు ముప్ఫయి దాటేదాకా ఉంటుందని నమ్మకం లేదు. డిగ్రీ ముప్ఫయి ఏళ్ళకు కూడా రాయవచ్చు. కూత అప్పుడు నేర్చుకోలేము. ఈ సంగతి మా బావ ఒప్పుకోవాలి.

కాని ఎంత తొందర ఉన్న రైతయినా ఒక పని చేయడు. విత్తనానికి దాచుకున్న బస్తా మాత్రం యార్డుకు తేడు. పిల్లవాడి చదువు ఆ బస్తావంటిది. ఈ సంగతి మా మేనల్లుడు ఒప్పుకోవాలి.

చదువులేకపోతే ఏమయిందండీ, సిరాజ్‌ లేడా అంటారు. ఉన్నాడు, హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు, 2017 వేలంలో 2 కోట్ల 60 లక్షలకు ఎదిగినవాడు. 2024లో తెలంగాణ ప్రభుత్వం అతనికి డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అయితే ఆ ఉద్యోగానికి డిగ్రీ కావాలి. అతను చదివింది ఇంటర్మీడియట్‌. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇవ్వవలసి వచ్చింది. ప్రపంచకప్పు గెలిచిన జట్టువాడికి నిబంధన పక్కకు జరుగుతుంది. జిల్లాకు ఆడినవాడికి జరగదు. క్రీడాకారుల కోటా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు పతకం పత్రంతోపాటు మార్కుల పత్రమూ అడుగుతారు.

మరోవైపు చూడండి. సింధు హైదరాబాదు సెయింట్‌ ఆన్స్‌ కాలేజీలో బీకాం, ఎంబీయే చదువుతూనే ప్రపంచం గెలిచింది. అశ్విన్‌ ఇంజనీరు, కుంబ్లే ఇంజనీరు. డాక్టర్ల బిడ్డ లక్ష్మణ్‌ వైద్యవిద్య వదులుకుని క్రికెట్టుకు వెళ్ళాడు, నిజమే. కాని ఆ ఇంట్లో పడితే పట్టుకునే చేతులు ఉన్నవి. బట్టలకొట్టువాడి కొడుక్కూ, ఆటోవాడి కొడుక్కూ పడినప్పుడు పట్టుకునేది ఏమిటో ముందే చూసుకోవాలి. 2022లో పవన్‌ సెహ్రావత్‌ను తమిళ తలైవాస్‌వారు 2 కోట్ల 26 లక్షలకు కొన్నారు. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజనంతా కూర్చున్నాడు. అంతటివాడు గనుక మరుసటి ఏడు ఇంకా ఎక్కువ ధరకు లేచాడు. అదే దెబ్బ ఊరూ పేరూ లేని పంతొమ్మిదేళ్ళ కుర్రవాడికి తగిలితే? జవాబు నా కుడికాలును అడగండి.

నాలుగు ప్రశ్నలు

అయిదోనాడు మా బావ ఎదుటనే ఆ పెద్దమనుషులకు ఫోను చేశాను. నాలుగే ప్రశ్నలు అడిగాను. ఒకటి: శిబిరం ఖర్చు ఎవరిది? రెండు: దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఎన్నాళ్ళు? మూడు: పరీక్షల రోజుల్లో పదిహేను దినాలు ఇంటికి పంపుతారా? నాలుగు: ఈ మూడింటికీ కాగితం రాసి ఇస్తారా?

మొదటిదానికి, "కొంత మీరు పెట్టుకోవాలె" అన్నారు. రెండోదానికి, "అట్లాంటిది కాదు లెండి" అన్నారు. మూడోదానికి నవ్వారు. నాలుగోదానికి ఫోను పెట్టేశారు.

మేనల్లుడి మొగం చిన్నబోయింది. మా బావ మొగంలో వెలుగు వచ్చింది. నేను ఆయనవైపు తిరిగి, "బావా, గెలిచినననుకోకు. ఇయ్యాల ఈళ్ళు కాగితం రాసి ఇస్తమంటే నేనే పిల్లగాణ్ణి బస్సు ఎక్కించేటోణ్ణి" అన్నాను. ఆయన నావంక అదోలా చూశాడు.

అప్పుడు ముగ్గురం కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాము. పేరు కాలేజీలో ఉంటుంది. వాడు కాలేజీ జట్టుకూ, కుదిరితే నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం జట్టుకూ ఆడతాడు. విశ్వవిద్యాలయాల మధ్య పోటీలు, 2020లో మొదలయిన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు కూడా పైకి పోయే మెట్లే. ఎంపికచేసేవారి కళ్ళు అక్కడా ఉంటవి. విశ్వవిద్యాలయానికి ఆడేవారికి హాజరు విషయంలో వెసులుబాటు ఏముందో ప్రిన్సిపాలుగారిని వాళ్ళ నాయినే స్వయంగా పోయి అడుగుతాడు. ఎండాకాలం సెలవులలో జట్లు పెట్టే ఎంపికలకు వెళ్ళడానికి చార్జీలు మా బావ ఇస్తాడు. నిజంగా ఒక జట్టు పిలిచి, ధర చెప్పి, కాగితం చేతికి ఇచ్చిననాడు ఎవరూ అడ్డం రాకూడదు. మిగిలిన చదువు నాలాగే దూరవిద్యలో పూర్తి చేస్తాడు. ఇరవై మూడేళ్ళు నిండేదాకా గడువు. అప్పటికీ పిలుపు రాకపోతే ఆట ఆటగా ఉంటుంది, ఉద్యోగం ఉద్యోగంగా చూసుకుంటాడు.

"ఇరవై మూడంటే తక్కువ మామా" అన్నాడు వాడు.

"ఇరవై నాలుగు చేయి" అన్నాడు మా బావ. నేను తెల్లబోయాను. ముప్ఫయి ఏళ్ళ వేలంపాటలో కొనేవాడు తనంతట తాను ధర పెంచడం నేను అదే చూడటం!

ఆ సాయంత్రం వాడివెంట మైదానానికి వెళ్ళాను. మా బావ కొట్టు అరగంట ముందే కట్టేసి వచ్చాడు. కొడుకు ఆట చూడటానికి రావడం ఆయనకు అదే మొదటిసారట. ఒక కూతలో మావాడు ఇద్దరిని తాకాడు. మూడోవాడు కాలు పట్టుకున్నాడు. ముందుకు పోతే మూడోవాడూ దొరికేవాడేమో; వాడు మాత్రం ఒళ్ళంతా సాచి, కూత ఆగకముందే వేలికొసతో నడిమి గీత అందుకున్నాడు.

"ఇంకొకన్ని గూడ కొట్టేది ఉండె గద?" అన్నాడు మా బావ ఆత్రంగా.

"కూతకు పోయినోడు ఎంతమందిని తాకినా, తిరిగి గీతకు వస్తెనే లెక్క బావా" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "పొద్దుగాల కాలేజీకి పోతున్న. నువ్వు గూడ వస్తవా?" అన్నాడు. మర్నాడు మిర్యాలగూడ బస్సు సాయంత్రానికి మార్చుకున్నాను.